నాలుగంగలకు మూడు మీటర్లు

పోలీసు స్టేషన్‌లో ఆ హెడ్ కానిస్టేబుల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పైవాళ్ళు హెడ్డుగారంటారు, కిందివాళ్ళు పెద్దాయనంటారు, ఆయన అటు తిరిగాక అందరూ కొలబద్ద అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసీ మీసం చాటున నవ్వుకుంటాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్రిల్లు మాస్టారు మైదానంలో బెత్తం నేలమీద పెట్టి అంగ అంగకీ సరిచూసేవాడు. అంగ అంటే డెబ్భై ఐదు సెంటీమీటర్లు. ఎక్కువైనా మైదానం చుట్టూ పరుగు, తక్కువైనా పరుగే. తోటివాళ్ళంతా శిక్షణ అయిపోగానే ఆ అంగని మైదానంలోనే వదిలేసి ఇళ్ళకు పోయారు. ఈయన మాత్రం కాళ్ళతోపాటు వెంట తెచ్చుకున్నాడు. నాలుగంగలకు మూడు మీటర్లు. బ్రేకు వేశాక లారీ ఎంత దూరం జారిందో, తగువు పడ్డ రెండిళ్ళ మధ్య సందు ఎంతో, ఆయన నడిచి చెబితే అదే లెక్క.

స్టేషన్‌లో టేపు లేక కాదు. ముప్పై మీటర్ల గుడ్డ టేపు ఒకటుంది. దాని మొదటి రెండు మీటర్లూ ఎలుకలు కొరికేశాయి. దాంతో కొలిచినప్పుడల్లా రెండు తీసెయ్యాలి. ఒకడు తీసేస్తాడు, ఒకడు మర్చిపోతాడు, ఇంకొకడు ఎందుకైనా మంచిదని రెండు కలుపుతాడు. "ఎందుకొచ్చిన తంటా, పెద్దాయన్ని నడవమను" అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళ పైబడి ఆయన రాసిన దూరం తప్పని ఒక్క కాగితం వెనక్కి రాలేదు. ఉద్యోగం ఇంకో నాలుగు నెలలు ఉంది. ఆ ఒక్క మాట నిలుపుకుని ఇంటికి పోతే చాలనుకున్నాడు. పతకాలా, పదోన్నతులా, ఇంకేం ఉన్నాయి గనక చెప్పుకోవడానికి.

ఆ రోజుల్లోనే ఆటల క్లబ్బు కాగితం వచ్చింది.

స్టేషన్ ఇన్‌స్పెక్టరమ్మ చిన్నది, వచ్చి ఆరు నెలలైంది. కాగితం ఆయన ముందుకు తోసి, "హెడ్డుగారూ, క్లబ్బువాళ్ళు బీరు లైసెన్సు అడుగుతున్నారు. మన విచారణ రిపోర్టు శుక్రవారానికి పైకి పోవాలి. సభ్యులెలాంటివాళ్ళు, ఇరుగుపొరుగు ఏమంటున్నారు, అన్నిటికంటే ముందు ఆ పక్కనున్న పిల్లల బడి ఎంత దూరం, చూసి రండి. మందు పోసే గది గుమ్మం నుంచి బడి గేటు దాకా, మనిషి నడిచే దారిలో, వంద మీటర్లకు తగ్గకూడదు" అంది.

"నడిచొస్తాను మేడమ్" అన్నాడు ఆయన.

క్లబ్బంటే పెద్ద భవంతేమీ కాదు. రెండు షటిల్ కోర్టులు, ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, నాలుగు కేరమ్ బోర్డులు. సభ్యులు డెబ్భై మంది. అందులో యాభై మందికి మోకాళ్ళ నొప్పులు. సెక్రటరీని అందరూ ఛాంపియన్ అంటారు. నలభై ఏళ్ళ కిందట ఆయనొక కప్పు గెలిచాడు. ఆ కప్పు బీరువాలో ఉంది, ఆ గెలుపు ఇప్పటికీ నోట్లోనే ఉంది. ఆ కథంతా విన్నాకే హెడ్డుకి కుర్చీ దొరికింది.

"ఆడుకోక మీకెందుకండీ మందు?"

"ఆడుకున్నాకేనండీ! శనివారం ఆట అవగానే మావాళ్ళు బళ్ళెక్కి ఊరవతల బారుకి పోతున్నారు. తిరిగొచ్చేదాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి గుండె దడ. ఇక్కడే తలో గ్లాసు పోస్తే నడిచే ఇళ్ళకు పోతారు గదా. ఆ అర్జీ రాసిందెవరనుకున్నారు? మా ఆవిడ. కావాలంటే దస్తూరీ చూడండి."

హెడ్డు చూశాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

"సభ్యుల మధ్య గొడవలేమైనా?"

"లేకేం? టేబుల్ టెన్నిస్ ఆడేటప్పుడు ఫ్యాను వెయ్యాలా కట్టెయ్యాలా అని రెండు పార్టీలయ్యారు. గాలికి బంతి పక్కకు పోతుందని వీళ్ళు, చెమటకి మేమే పోతామని వాళ్ళు. ఇద్దరికి ఇప్పటికీ మాటల్లేవు."

"చెయ్యి చేసుకున్నారా?"

"ఒకాయన ఫ్యాను రెగ్యులేటరు పీకి జేబులో వేసుకుపోయాడండీ. మా క్లబ్బులో అదే పెద్ద నేరం."

'గొడవలు: చెప్పుకోదగ్గవి లేవు' అని రాసుకుని, హెడ్డు ఎదురుగా ఉన్న టైలరు కొట్టుకి వెళ్ళాడు. టైలరు మెడలో టేపు, నోట్లో గుండుసూదులు.

"నాకు మందుతో పేచీ లేదు సార్. ఆ ఎగిరొచ్చే షటిల్ కాక్‌లతోనే పేచీ. వారానికి రెండు వచ్చి కొట్లో పడతాయి. మొన్నొకటి మిషను మీద పడితే అదిరిపోయి, జేబు తీసుకెళ్ళి చొక్కా వీపున కుట్టేశాను."

"అభ్యంతరం అని రాయమంటావా?"

"తాగాక ఆడొద్దని రాయండి చాలు. తాగకముందే గురి ఇలా ఉంది!"

ఆ నవ్వు నవ్వుకుంటూనే హెడ్డు కొలతకి దిగాడు. క్లబ్బు ముందుగది గుమ్మంలో మడమ ఆనించి నిలబడ్డాడు. ఆయన లెక్కపెట్టేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఆ సంగతి ఆ వీధిలో కుక్కలకి కూడా తెలుసు. ఛాంపియన్ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు. హెడ్డు తల నిటారుగా పెట్టి, పెదాలు కదుపుతూ, టైలరు కొట్టు దాటి, కరెంటు స్తంభాలు దాటి, మూల తిరిగి, బడి గేటు తాకాడు. నూట నలభై అంగలు. నూట అయిదు మీటర్లు.

బడి గేటు లోపల స్టూలు మీద కూర్చున్నది ఆయన మరదలే. చనిపోయిన భార్యకి చెల్లెలు. ఆ బడిలో ఆయాగా చేస్తుంది. ఎప్పుడూ పది మాటలు ముందే తయారుగా ఉంచుకునే మనిషి. ఆ రోజు బావ వస్తున్నంతసేపూ కన్నార్పకుండా చూసి, గేటు తాకాక కూడా ఏమీ అనలేదు. కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పిల్లలు పిలిచారేమో అనుకున్నాడు ఆయన.

"నూట అయిదు. గట్టెక్కారు" అని ఛాంపియన్‌కి చెప్పి, స్టేషన్‌కి పోయి రిపోర్టు రాసి, ఇన్‌స్పెక్టరమ్మ బల్లమీద పెట్టేశాడు. ఆవిడ కోర్టు పనిమీద వెళ్ళింది, పొద్దున వచ్చి సంతకం పెడుతుంది. అక్కడ క్లబ్బులో ఛాంపియన్ అప్పుడే పాత ఫ్రిజ్జు ఒకటి బేరం చేసేశాడు.

సాయంత్రం మరదలు కూరగిన్నె పట్టుకుని వచ్చింది. అక్క పోయిన దగ్గర్నించి ఏడాదిగా రోజూ తెస్తుంది. గిన్నె అరుగు మీద పెట్టి, మూత తియ్యకుండా నిలబడింది.

"ఏంటే పిల్లా, పొద్దున మాట పడిపోయిందేం? నీ నోటికి కూడా సెలవులున్నాయా?"

ఆ పిల్లకి యాభై దాటాయి. అయినా ఆయనకి పిల్లే.

"బావా, నిన్నొకటి అడుగుతాను, కసురుకోకు. నువ్వలా తల పైకెత్తి మూల తిరిగి వస్తుంటే, మొహం కనపడలేదు, కాళ్ళే కనపడ్డాయి. ఒక్క క్షణం అక్కే వస్తోందనిపించింది. గబుక్కున లేచాను కూడా."

"నా కాళ్ళు చూస్తే మీ అక్కలా ఉందా! బూట్లు కనపడలేదూ?"

"బూట్లు నీవే. నడక మా అక్కది. అదే పొట్టి అడుగు. ఒక్కో అడుగుకీ చిన్నగా ఆగడం. నువ్విలా నడిచేవాడివా? నువ్వు నడిస్తే మా అక్క నీ వెనక పరిగెత్తేది."

ఆ మాట నిజమే. పెళ్ళైన మర్నాటి నుంచీ ఆవిడ ఆయన వెనక పది గజాల దూరంలోనే ఉండేది. "నాతో వస్తున్నారా, నన్ను వదిలించుకుని పోతున్నారా?" అని వీధి మధ్యలో నిలబడి కేకేసేది. ఆయన ఆగేవాడు, ఆవిడ అందుకునేది, నాలుగంగలు వెయ్యగానే మళ్ళీ పది గజాలు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి. తర్వాత ఆవిడకి ఊపిరి అందని జబ్బు పట్టుకుంది. రోజూ సాయంత్రం కాస్త నడవాలని డాక్టరు చెప్పాడు. అప్పుడు మొదటిసారి ఆయన పక్కన నడవడం నేర్చుకున్నాడు. మూడేళ్ళు. వీధి కుళాయి దాకా, అక్కణ్ణించి పార్కు దాకా. ఆవిడ ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. "చూశారా, ఇప్పటికి మనిద్దరం కలిసి ఎక్కడికో వెళ్తున్నాం" అని నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది.

"నీకు మీ అక్క మీద బెంగ. అందుకే అలా కనపడింది" అన్నాడు ఆయన.

మరదలు వెళ్ళిపోయాక కూరగిన్నె లోపల పెట్టాడు. తర్వాత లేచి చెప్పులు వదిలి బూట్లు వేసుకున్నాడు. ఆయన గుమ్మం నుంచి వీధి కుళాయికి సరిగ్గా నలభై అంగలు. ఇల్లు కొన్న రోజున కొలిచాడు. తర్వాత పైపులు వేసినవాళ్ళు టేపుతో చూసి ముప్పై మీటర్లన్నారు. తేడా లేదు.

నడిచాడు. నలభై అనేసరికి కుళాయి ఇంకా అల్లంత దూరాన ఉంది. చెయ్యి పెట్టేసరికి యాభై అయింది.

లెక్క తప్పానేమో అనుకున్నాడు. వెనక్కి నడిచాడు. యాభై. మూడోసారి బలవంతంగా కాళ్ళు చాచి వేశాడు. పది అంగల దాకా సాగాయి, ఆ తర్వాత వాటంతటవే మళ్ళీ చిన్నవైపోయాయి. నీళ్ళు పట్టుకుంటున్న పక్కింటావిడ, "ఏం పోగొట్టుకున్నారండీ?" అని అడిగింది.

"అంగలో అయిదోవంతు పోయిందమ్మా" అన్నాడు హెడ్డు.

ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాడు. యాభై అంగలకు ముప్పై మీటర్లంటే, అంగకి అరవై సెంటీమీటర్లు. మరి నూట నలభై అంగలకు ఎనభై నాలుగు మీటర్లే. వంద లేదు. వందకి దరిదాపుల్లో కూడా లేదు.

పొద్దున్నే మరదలు ఖాళీ గిన్నె కోసం వస్తే చెప్పాడు. ఆవిడ గుండెలు బాదుకుంది.

"అయ్యో, నా నోరు పడిపోను! ఆ మాట ఎందుకన్నాను! బావా, ఊరుకో. బడి నాలుగింటికి వదిలేస్తాం. నీ క్లబ్బు తెరిచేది ఆరింటికి. పిల్లలెవరూ ఉండరు. ఆ ముసలాళ్ళు తలో గ్లాసు తాగి ఇళ్ళకు పోతారు. ఏం కొంప మునుగుతుంది?"

"కొంప మునగదు. నా మాట మునుగుతుంది."

"ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలియలేదూ? స్టూలు మీద కూర్చుని కనిపెట్టావు."

"నేనంటే నీ మరదల్ని. నాలుగు నెలల్లో ఇంటికొచ్చేవాడివి. ఇన్నేళ్ళూ కొలబద్ద కొలబద్ద అన్నవాళ్ళే పగలబడి నవ్వుతారు."

"నవ్వనీ. నేను ఒప్పుకోకపోతే, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడికీ నాకూ తేడా ఏముంది?" అని టోపీ అందుకున్నాడు.

అన్నాడే గాని, స్టేషన్ మెట్ల దగ్గర బూటు లేసు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ అప్పుడే కలం మూత తీసింది.

"మేడమ్, సంతకం పెట్టకండి. ఆ రిపోర్టు తప్పు. నా కాళ్ళు అబద్ధం చెప్పాయి."

ఆవిడకి అర్థం కాలేదు. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. భార్య జబ్బు, సాయంత్రం నడక, కుళాయి, యాభై, అంతా నిలబడే చెప్పాడు. గది బయట రైటరు టైపు కొట్టడం ఆపేసి చెవులు రిక్కించాడు. ఆవిడ మొదట నవ్వబోయింది, తర్వాత నవ్వలేదు.

"ఈ మూడు నాలుగేళ్ళలో ఇలా నడిచి ఇంకెన్ని కొలిచారు?"

"రెండే మేడమ్, రెండూ ఇలాంటి లైసెన్సులకే. రాత్రంతా అదే తలుచుకున్నాను. ఒకటి రెండు వందల ఎనభై అని రాశాను, ఒకటి మూడు వందల పైన. అయిదోవంతు కాదు, సగం తీసేసినా వంద దాటతాయి."

"దాటతాయని నాకొద్దు. రెండిటికీ మళ్ళీ టేపు పెట్టించండి. ముందు క్లబ్బు సంగతి చూద్దాం, పదండి." జీపు తాళం తీసుకుంటూ ఆగింది. "హెడ్డుగారూ, మా అమ్మ కూడా మా నాన్న వెనక పరిగెత్తుతూనే ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయనకి మీ గురించి చెబుతాను."

స్టేషన్ టేపుని చూసి ఆవిడ దణ్ణం పెట్టింది. మరదలు బడిలో ఆటల మాస్టార్ని అడిగి, పరుగుపందాలకు వాడే యాభై మీటర్ల టేపు పట్టుకొచ్చింది. క్లబ్బు గుమ్మం దగ్గర ఒక కొస మరదలు పట్టుకుంది, రెండో కొస హెడ్డు పట్టుకున్నాడు. టైలరు కొట్టు మూసి మరీ వచ్చాడు. ఫ్యాను దగ్గర పోట్లాడుకున్న ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

ఎనభై నాలుగు. ఒక్క బెత్తెడు కూడా అటూ ఇటూ లేదు.

ఛాంపియన్ మొహం గాలి తీసిన బంతిలా అయిపోయింది. "కొలబద్దగారూ! రాత్రికి రాత్రి ఇరవై ఒక్క మీటర్లు మింగేశారే! నేను ఫ్రిజ్జుకి బయానా కూడా ఇచ్చేశాను!"

"తప్పు నాదేనండీ" అన్నాడు హెడ్డు. అందరి ముందూ, పెద్దగా అన్నాడు. "నిన్న నేను చెప్పింది తప్పు. ఈ గుమ్మం నుంచి మీకు లైసెన్సు రాదు."

ఎవరూ పగలబడి నవ్వలేదు. టైలరు ఒక్కడే, "పోనీలెండి సార్, నేను జేబు వీపున కుట్టినవాణ్ణి" అన్నాడు. దాంతో అందరూ నవ్వారు, హెడ్డుతో సహా. అప్పటిదాకా ఆయన గుండెల మీద కూర్చున్న బరువు ఆ నవ్వుతో లేచిపోయింది.

"ఈ గుమ్మం నుంచి రాదన్నారు గదా" అని వెనకనించి ఒక గొంతు. రెగ్యులేటరు పీకిన ఆయనది. "మరి వెనక గుమ్మం సంగతేంటి? ముందు రోడ్డు తవ్వినప్పుడు ఏడాదంతా మనం వెనకనించే గదా వచ్చాం. చిరిగిన వలలు పెట్టే గది అటే తెరుచుకుంటుంది."

"ఆ గది నిండా విరిగిన కుర్చీలు" అన్నాడు ఛాంపియన్.

"కూర్చున్నవాళ్ళం మనమే, విరగ్గొట్టినవాళ్ళం మనమే. తీసి అవతల పారేద్దాం" అన్నాడు ఆ రెగ్యులేటరాయనతో మాటల్లేని రెండో ఆయన. అన్నాక గానీ తాము మాట్లాడుకున్నామని ఇద్దరికీ తెలియలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ చేతులు కట్టుకుంది. "మందు ఆ గదిలోనే పొయ్యాలి, మనుషులు ఆ గుమ్మం నుంచే రావాలి, ముందుగదిలోకి సీసా రాకూడదు. గది మార్చి కొత్తగా అర్జీ పెట్టుకోండి. నేను మాటివ్వను, ముందు కొలవనివ్వండి."

వెనక గుమ్మం నుంచి దారి గోడ వెంట తిరిగి, నీళ్ళ ట్యాంకు పక్కనించి, బడి మూలకొచ్చి గేటు చేరుతుంది. మరదలూ హెడ్డూ టేపు పట్టుకుని బయలుదేరారు. యాభై దగ్గర సుద్దతో గీత, మళ్ళీ యాభై దగ్గర గీత. టేపు లాగుతూనే ఆయన పెదాలు కదులుతున్నాయి. మరదలు చూసింది గాని పలకరించలేదు. లెక్కపెట్టేటప్పుడు పలకరించకూడదు.

టేపు నూట పదకొండు అంది. ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. ఛాంపియన్ కప్పు గెలిచిన రోజులా చేతులు రెండూ పైకెత్తాడు.

"నీకెంతొచ్చింది బావా?" మరదలు టేపు చుడుతూ అడిగింది.

"నూట ఎనభై ఐదు. సరిపోయింది. ఐదంగలకు మూడు మీటర్లు."

"ఇదివరకు నాలుగే గదా. ఆ ఐదోది మా అక్కదన్నమాట."

ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"పోనీ, రోజూ పొద్దున మైదానంలో కాళ్ళు చాచి నడువు. నెల తిరిగేసరికి పాత అంగ వచ్చేస్తుంది" అంది ఆవిడ.

"ఎందుకు, లెక్క మార్చుకుంటే సరిపోదూ? కాళ్ళు ఇలాగే ఉండనీ."

కొత్త అర్జీ ఛాంపియన్ భార్యే రాసింది, మళ్ళీ ముత్యాల్లాగే. హెడ్డు రిపోర్టులో ఈసారి 'టేపుతో కొలవడమైనది' అని రాసి, కింద అభ్యంతరం లేదని రాశాడు. టైలరు కోరినట్టు, తాగాక ఆడరాదన్న షరతు కూడా చేర్చాడు. పాత కాగితాలు రెండూ మర్నాడే టేపుతో సరిచూశాడు. రెండూ నిలబడ్డాయి. స్టేషన్‌కి కొత్త టేపు వచ్చింది. దాన్ని ఎలుకలకు అందకుండా రేకు డబ్బాలో పెట్టే బాధ్యత ఆయనకే అప్పగించారు. కొలబద్ద అన్న పేరు మాత్రం పోలేదు. ఆయన వెనక అనేదాన్ని ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

వెనక దారి కొలిచిన ఆ సాయంత్రం మాత్రం టేపు తిరిగివ్వడానికి ఇద్దరూ బడికి నడిచారు. గేటు మూసే వేళైందని మరదలు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గబగబా ముందుకు పోతోంది. పది గజాలు వెనకబడ్డ హెడ్డు వీధి మధ్యలో ఆగిపోయి కేకేశాడు.

"ఏయ్ పిల్లా! నాతో వస్తున్నావా, నన్ను వదిలించుకుని పోతున్నావా?"

మరదలు వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆయన వచ్చేదాకా నవ్వుతూ నిలబడింది.